పెన్నీ, పోనీ

మూస్ జాలో ఫిబ్రవరి.
మైనస్ ముప్పై ఒకటి.
తలుపు తెరుచుకున్నప్పుడల్లా
ఒక మనిషీ, ఒక బారెడు చలీ కలిసి లోపలికొస్తారు.
ఈ కౌంటర్ వెనక ఇరవైరెండేళ్లుగా నేను,
ఛాతీ మీద లెస్యా అని పేరు బిళ్ల,
వేళ్లకి సబ్బుకు లొంగని రాగి వాసన.

పెన్నీని తీసేస్తారట.
తీసెయ్యండి.
రెండో మాట లేదు నాకు.

చెయ్యడానికే సెంటున్నర పైన పడుతుందట ఒక్క సెంటు.
ముప్పావలా కోడికి రూపాయి మసాలా.
చేసి, లారీల్లో తెచ్చి, కాగితం గొట్టాల్లో యాభయ్యేసి చుట్టి ఇస్తే
నేను గొట్టం పగలగొట్టి డ్రాయర్లో పోస్తాను.
జనం పట్టుకెళ్లి జామ్ సీసాల్లో పోస్తారు.
అక్కణ్ణించి కదలదది.
వాక్యూమ్ క్లీనర్ గొంతులో అడ్డం పడటం తప్ప
వేరే ఉద్యోగం లేదు దానికి.

మిసెస్ ఫ్రీసెన్ ఒప్పుకోదు.
గుడ్ల డబ్బా తెరిచి ఒక్కో గుడ్డూ తిప్పి చూస్తూ
"రేపట్నుంచి మీ మెషీన్ నా రెండు సెంట్లు మింగదూ?" అంటుంది.
ఒకరోజు మింగుతుంది, ఇంకోరోజు కక్కుతుంది అన్నాను.
నవ్వలేదు.
పెన్నీ పోతే పేదవాడి నాణెం పోయినట్టే అంది.

అక్కడ నాకు ఒళ్లు మండింది.

పేదవాడి నాణెం ఎలా ఉంటుందో నేను చూశాను, మిసెస్ ఫ్రీసెన్.
వెర్నన్ పెల్టియే అని, రైల్వే యార్డులో చేసి మానేసినవాడు.
నెల చివర్లో పొగాకు డబ్బా నిండా తెచ్చేవాడు.
బ్రెడ్డు, మార్జరిన్, పిల్లికి ఒక టిన్ను.
గ్లవుజులు తీసి, పగిలిన వేళ్లతో
నా రబ్బరు మ్యాట్ మీద పదేసి కుప్పలు పెట్టేవాడు.
వెనక క్యూ పెరిగేది.
ఎవరూ ఏమీ అనరు, మా ఊరికి మర్యాద ఎక్కువ.
బూట్లు మాత్రం ఈ కాలూ ఆ కాలూ మార్చేవి.
ఆ చప్పుడుకి ఆయన లెక్క తప్పేవాడు.
మళ్లీ ఒకటి నుంచి.
మెడ ఎర్రబడేది,
నాణెం కంటే ఎర్రగా.

ఒకసారి బిల్లు నాలుగు అరవై రెండు.
ఆయన దగ్గర నాలుగు అరవై.
రెండు పెన్నీలు నా జేబులోంచి తీసి వేశాను.
మంచిపనే అనుకున్నాను.
మర్నాటికి ఆ రెండూ కాగితంలో మడిచి తెచ్చాడు,
ఎవరో అప్పిచ్చిన ఉంగరాన్ని తిరిగిస్తున్నట్టు.
ఆ తర్వాత ఎప్పుడూ నా లైన్లో నిలబడలేదు.
డొరీన్ లైను ఎంత పొడుగున్నా అందులోనే.

ఇప్పుడైతే
ఆ రెండూ మెషీనే వదిలేస్తుంది.
జాలి పడదు, జ్ఞాపకం పెట్టుకోదు,
కళ్లు దించుకోదు.
ఒకటీ రెండూ కిందికి, మూడూ నాలుగూ పైకి,
డాక్టరుకైనా అదే, వెర్నన్‌కైనా అదే.
ఇంతమాత్రం తెలివి
నా దయకి లేకపోయింది.

తీసేసిన రోజు
మొదటి బేరం మిసెస్ ఫ్రీసెన్‌దే.
పదకొండు నలభై మూడు.
మెషీన్ పదకొండు నలభై ఐదు అంది.
ఆమె నా వైపు చూసింది.
నేను మెషీన్ వైపు చూశాను.
"పోనీలే," అంది చివరికి,
గుడ్లు ఇంకోసారి లెక్కపెట్టుకుని.

డ్రాయర్లో ఆ అర ఖాళీ.
రబ్బరు బ్యాండ్లు వేసుకున్నాను.