లెక్కలోకి రాని అటక

లియోన్‌లో, క్రువా-రూస్ గుట్ట మీద,
నాలుగో అంతస్తు. లిఫ్టు లేదు.
ఆ మాట ప్రకటనలో అట్టడుగున పెట్టాలని
మా ఆఫీసులో మొదటి రోజే నేర్పారు.

ముందు కప్పు ఎత్తు రాయాలి.
లేజరు ఎర్ర చుక్కని పైకి విసిరాను:
మూడు మీటర్ల తొంభై మూడు.
ఓక్ దూలాలు. వీధివైపు
మనిషికి రెండింతలున్న కిటికీలు.
"ధారాళమైన వెలుతురు" అని రాసుకుంటుంటే

"ధారాళమా!" అంది మదాం ఒదీల్ బెరార్దియే,
ఇల్లు అమ్ముతున్న మనిషి.
డెబ్బై ఆరేళ్ళు. మోకాళ్ళు మెట్ల మీద అలిగాయి.
"చీకట్లో నీలం పోగుకీ నల్ల పోగుకీ తేడా తెలీదు.
ఒక్కటి తప్పితే మూరెడు పట్టు విప్పాలి.
విప్పినదానికి కూలెవరిస్తారు?"

ఆ ఎత్తూ మనుషుల కోసం కాదట.
మగ్గం కోసం.
పైన చిల్లుల అట్టల దండ, కింద పడుగు,
నడుమ వాళ్ళ ముత్తాత వీపు.
బిస్తాన్, క్లాక్, పాన్.
చప్పుడే పేరైపోయింది ఈ గుట్ట మీద మగ్గానికి.
మూడు తరాలు అద్దెకి నేశారు,
నాలుగో తరం, బస్సు నడిపే వాళ్ళ నాన్న, కొన్నాడు,
అప్పటికి మగ్గాన్ని పొయ్యిలో పెట్టేశారు,
అది చాలా చలికాలం, అంది, అంతే.

వంటగది పైన అటక.
నిచ్చెనకి ఎనిమిది మెట్లు, మూడోది కదులుతుంది.
మీటరున్నర. చూసి, ఏమీ రాయకుండా
స్నానాలగది వైపు నడిచాను.

"అదెందుకు రాయలేదు?"
మీటరు ఎనభైకి తగ్గితే
కొలతలోకి రాదు మదాం, చట్టం.
"అంటే?"
అంటే, మనిషి నిలబడలేని చోటు
చోటు కాదు.

ఆమె నవ్వింది. నవ్వు దగ్గయింది, దగ్గు ఆగింది.
"మా నాయనమ్మ ఫిలోమెన్ అయిదుగుర్ని కన్నది అక్కడే.
ఇద్దరు మిగిలారు.
తలకి కాళ్ళు, కాళ్ళకి తల, అలా పడుకునేవాళ్ళు.
ఎక్కి చూడు, దూలానికి ఏముందో."

ఎక్కాను. పసుప్పచ్చ పట్టుముక్క,
మడతలు పెట్టి మేకులు కొట్టి ఉంది,
నిద్రలో ఉలిక్కిపడి లేచే తలల కోసం.
ఎడమ అంచున ఒక పువ్వు తలకిందులుగా పూసింది.
తప్పుపోయిన గుడ్డ. వ్యాపారి తిప్పి పంపింది.
ఊరూరికీ పట్టు నేసిన ఇంట్లో
వాళ్ళకి మిగిలిన పట్టు అదొక్కటే.

అరవై ఒక్క చదరపు మీటర్లు, అని రాశాను.
చారిత్రక వాడ. నేతగాళ్ళ నాటి సొగసు.
(సొగసు అన్న మాట నాది కాదు, ఆఫీసుది.)

మూడో శనివారం వచ్చిన జంట కొన్నారు.
అబ్బాయి తాల్ల్యాఁ, బాగా పొడుగు,
అటక ఎక్కుతూనే దూలానికి కొట్టుకున్నాడు,
దెబ్బ తగల్లేదు.
"ఈ గుడ్డ పీకేయొచ్చు కదా?" అన్నాడు నుదురు తడుముకుంటూ.
ఎవరూ జవాబు చెప్పలేదు.
అమ్మాయి మాత్రం ఆ తలకిందుల పువ్వుని
మెడ వంచి చాలాసేపు చూసింది.

సంతకాల రోజు
నోటరీ ఒక్క గుక్కలో చదివాడు:
వంటగది, గది, స్నానాలగది, నేలమాళిగలో కొట్టు ఒకటి.
ఒదీల్ బడిపిల్లలా చెయ్యెత్తింది.
"మరి అటక?"
"విస్తీర్ణం సున్నా, మదాం."
"డబ్బు?"
"దానికి విడిగా ఏమీ లేదు, మదాం."
"సరే," అంది, కలం మూత తీస్తూ,
"అయితే దాన్ని నేను అమ్మలేదు."

నోటరీ గొంతు సవరించుకున్నాడు.
ఆమె సంతకం పెట్టింది, ప్రతి పేజీలో, తొందర లేకుండా.
తాళాలు బల్ల మీద పెట్టి
పెద్దదానికి సబ్బు రాస్తే గానీ తిరగదని చెప్పింది.

తర్వాత మెట్లు దిగింది,
ఒక్కో మెట్టు మీదా రెండు పాదాలూ ఆనించి.
నేను వెనకాలే నిలబడ్డాను.
లేజరు ఆర్పడం మరిచిపోయినట్టున్నాను,
సంచి నేతలోంచి ఎర్ర చుక్క
బయటికొచ్చి
నా బొటనవేలి మీద వాలి ఉంది.