తెల్ల తెర

గ్రిమ్స్‌బీ, ఫ్రీమన్ స్ట్రీట్,
మందుల షాపులో వెనక మూల నా స్టూడియో.
ఒక స్టూలు, రెండు లైట్లు, ఒక తెల్ల తెర.
నవ్వకూడదు. నీడ పడకూడదు.
చెవుల వెనక ప్రపంచం ఉండకూడదు.
పాస్‌పోర్టుకి మనిషి చాలు,
ఊరు అక్కర్లేదు.

రోజుకి ఇరవై మందిని
వాళ్ళ వాళ్ళ చోట్ల నుంచి ఒలిచి ఇస్తాను,
ఉడికిన గుడ్డుకి పెంకు తీసినట్టు.

మొన్న మంగళవారం డెరెక్ స్టాథర్ వచ్చాడు.
డెబ్భై ఎనిమిదేళ్ళకి మొదటి పాస్‌పోర్టట,
నార్వేలో మనవరాలి పెళ్ళి.
"ఆ నీళ్ళన్నీ తిరిగినవాణ్ణే,
చేపలు పాస్‌పోర్టు అడగలేదు."
కూర్చోగానే ఎడమ చెయ్యి జేబులో దాచాడు.
"చెయ్యి ఫోటోలో పడదండీ" అన్నాను.
"తెలుసు. అలవాటు."

ఫోటో బాగా వచ్చింది,
ఆఫీసు వాళ్ళు వంక పెట్టలేనంత బాగా.
అంటే అతను అందులో లేడు.

ఆదివారం మీ రేవు చూపించండి, టీ ఖర్చు నాది అన్నాను.
వచ్చాడు, గడ్డం గీసుకుని మరీ.
బందరు రేవు వాసనే,
కాకపోతే ఫ్రిజ్‌లో పెట్టి తీసింది.
వలలు బాగుచేసే పాత మేడ.
తలుపు భుజంతో తోస్తే గానీ రాదు;
ఎక్కడ తొయ్యాలో అతని భుజానికే తెలుసు.
ముందు అది తీశాను:
తలుపు మీద రంగు పోయిన చోటు,
సరిగ్గా అతని ఎత్తులో.

దగ్గరికెళ్ళి ముఖం తీయమని చేతులు పీకాయి.
ముడతలు, నీలి కళ్ళు, అమ్ముడుపోయే సరుకు అది.
కాళ్ళు మాత్రం వెనక్కి నడిచాయి.
ఒక అడుగుకి కిటికీ వచ్చింది,
పగిలిన అద్దంలో బూడిదరంగు హంబర్.
మరో అడుగుకి బల్ల, దాని అంచునిండా కత్తి గాట్లు.
ఇంకొంచెం జరిగితే
గోడ పొడుగునా పదకొండు కొక్కేలు.
పదింటికి తుప్పు.
ఒకటి మాత్రం నున్నగా మెరుస్తోంది.

"అది మా తమ్ముడు టెర్రీది" అన్నాడు, అడగకుండానే.
"కోటు తగిలించేవాడు. కోటు వాడితోనే పోయింది.
వచ్చినప్పుడల్లా చెయ్యి వేస్తాను. ఊరికే."
వేశాడు.
జేబులోంచి వచ్చిన చెయ్యి, మూడు వేళ్ళది.

నేను నొక్కలేదు.
మర్యాద అని చెప్పుకోవచ్చు గానీ,
నిజానికి చలికి నా వేళ్ళు కొయ్యబారాయి.
నొక్కింది తర్వాత,
అతను తలుపు దాకా వెళ్ళిపోయాక.
ఫ్రేములో వేలెడంత మనిషి, వీపు ఇటు,
సముద్రపు పక్షుల గొడవ చూస్తూ.
వెలుతురంతా కొక్కెం మీద.

ప్రింటు ఇస్తే
కళ్ళజోడు తీసి, తుడిచి, పెట్టుకుని
"నేనెక్కడ?" అన్నాడు.
చూపించబోయాను.
"వద్దులే, దొరికాను" అన్నాడు.
అతని వేలు ఆగింది తలుపు దగ్గర కాదు.

సోమవారం. మళ్ళీ స్టూలు, మళ్ళీ లైట్లు.
మెడ నిలవని పసిపిల్లని తెర ముందు నిలబెట్టలేక
ఒక తల్లి తంటాలు.
"నా చేతులు పడకూడదా?"
పడకూడదమ్మా, రూలు.
ఒకదాంట్లో పడ్డాయి.
అది విడిగా ప్రింటు తీసి కవర్లో పెట్టాను,
బిల్లులో రాయలేదు.

షట్టరు దించబోతూ తెర వైపు చూశాను.
మధ్యలో, తలల ఎత్తులో, లేత గోధుమరంగు మరక.
ఆనుకోవద్దంటే ఎవరు వింటారు?
నూనె తలలు, తడి తలలు, ఒక విగ్గు,
రాత్రి డ్యూటీ నుంచి నేరుగా వచ్చిన తలలు.
ఏడేళ్ళుగా నేను ఊరు వద్దంటూనే ఉన్నాను,
ఊరు ఇక్కడ ఆనుకుంటూనే ఉంది.

ఉతకాలి. మేనేజర్ చూస్తే ఊరుకోదు.
ఉతుకుతాను, ఒక్క నిమిషం,
కెమెరా పట్టుకుని
వెనక్కి జరుగుతున్నాను,
దగ్గు మందుల అర
వీపుకి తగిలేదాకా.