పదకొండు

దరఖాస్తుల ఒక గడి ఉంటది:
నష్టం చేస్తున్న జంతువులు ఎన్ని?
మీసేవ పోరడు నా దిక్కు చూసిండు.
మస్తున్నయి, అన్న.
మస్తు అంటే కంప్యూటరు తీస్కోదట.

అట్ల మంచె ఎక్కిన.
అవతల పదర దిక్కు అడవి, నడుమ కంప,
ఇవతల నా రెండెకరాల బుడ్డల చేను.
ఈదమ్మ చీరలన్ని కట్టెలకు చుట్టినం,
పెండ్లినాటి ఎర్రది గూడ.
పందులకు రంగు ఆనదేమో.

మొదటి రాత్రి ఏడు అనుకున్న.
రెండో రాత్రి తొమ్మిది.
నాలుగో రాత్రికి లెక్క నిలబడ్డది, పదకొండు.
తోక తెగిందొకటి,
ముందుకాలు ఎత్తి కుంటేదొకటి,
అన్నిటికన్న ముందొచ్చి గట్టు మీద ఆగి
ముట్టె ఎత్తి గాలి పట్టే ముసలిదొకటి.
మా అత్త గూడ గట్లనే ఆగేది
కల్లం కాడికి కొత్తోళ్లు ఎవరన్న వస్తే.

పదకొండని రాయించిన.
సర్పంచి సంతకం, బీటు ఆఫీసరు పంచనామా.
అచ్చంపేటల రేంజి సారు లేడు,
సారు ఉన్ననాడు ముద్ర లేదు.
బస్సు కిరాయిలు కూడితే
ఇంకో సంచి విత్తనమొచ్చు.

కాయితం చేతికొచ్చిననాడు
చేన్ల కట్టె తప్ప కాయ లేదు.
పదకొండింటికి పర్మిషన్, ముప్పై రోజుల గడువు.
తుపాకి లైసెన్సున్న సారు పట్నం నుంచి రావాలె.
కూర తినొద్దు, అమ్మొద్దు,
ఆరడుగుల గుంత తవ్వి, కిరసనాయిలు పోసి
ఆఫీసరు ముంగట పూడ్చాలె.

గుంత నేనే తవ్విన.
మూడు దినాలు, వంగిన గడ్డపార ఒకటి.
తుపాకి ఖుద్దూస్ సాబ్ ఫోన్ల చెప్పిండు,
బిడ్డ నిశ్చితార్థముంది, వచ్చే వారం.
వచ్చే వారం జీపు ఖరాబైంది.
ఇరవై ఆరోనాడు
పొద్దుగూకంగ మొదలై తెల్లార్లు వాన.

పొద్దున పోయి చూస్తే
గోడలు జారి గుంత మడుగైంది.
అండ్ల ముసలిది, మెడదాక బురద,
కండ్లు మూసుకొని.
తక్కినయి ఒడ్డు మీద
రేషన్ దుకాణం కాడ తీరు నిలబడ్డయి.
వాటి కాళ్ల నడుమ చారల పిల్లలు ఐదు,
కాయితంల లేనియి.

జేబుల పర్మిషన్ ఇంక నాలుగు దినాలుంది.
నేను గట్టు మీదనే ఆగిన.
ముసలిది ఒక కన్ను తెరిచి చూసి
మల్ల మూసుకుంది.

ఎనకనుంచి ఈదమ్మ మెల్లగ అడిగింది:
పదహారైతే
మల్ల మొదటికెల్లి రాయాల్నా?