చెవిరాయి

తాసిర్జువాక్ సరస్సు ఒడ్డున
ఆగస్టు గాలి డేరా తాళ్ళను పీకుతోంది.
నా పని మాట మోయడం.
ఈ గట్టు మీది మాటను ఆ గట్టుకు
తడవకుండా చేర్చడం.

పావ్లుక్ విన్నిపెగ్ నుంచి వచ్చాడు.
చేతిలో పట్టకారు, మోకాళ్ళ మీద ఫారం.
"అడుగు," అన్నాడు,
"ఈ సరస్సులో చేపలు తగ్గాయా, పెరిగాయా?"
నిలౌలాక్ అవ్వ నా మొహం చూడలేదు,
అతని చేతులు చూసింది.
"ముందు కత్తి పట్టమను.
ఊరికే కూర్చున్నవాడికి చేపల సంగతి చెప్పకూడదు.
అవి వింటాయి."

"కాస్త సాయం చేస్తారా అంటోంది,"
అన్నాను నేను.

అర్ధచంద్రపు ఊలు కత్తి అతనికి లొంగలేదు.
మొదటి చేప పాతగుడ్డలా చిరిగింది.
అవ్వ నవ్వలేదు, రెండోది ఇచ్చింది.
నాలుగోదానికి ముల్లు శుభ్రంగా ఊడొచ్చింది,
రెండు పక్కలూ తోక దగ్గర విడిపోకుండా నిలిచాయి,
కర్ర మీద ఆరేయడానికి వీలుగా.
అప్పుడు నోరు విప్పింది.

ఎర్రపొట్టవి ముందొస్తాయట.
వెండివి ఒంటి మీద ఉప్పు వదలకముందే వాగెక్కుతాయట.
ఈ మధ్య మాంసం రంగు వెలిసిందట,
కుక్కలు కూడా రెండుసార్లు వాసన చూసి గానీ ముట్టడం లేదట.
మాంసం మెత్తబడిందనడానికి ఆమె వాడిన మాట
నేనెప్పుడూ వినలేదు.
అర్థమడిగితే
నా బుగ్గ గిల్లింది. తర్వాత తన బుగ్గ గిల్లుకుంది.
పావ్లుక్ ఏదో రాసుకున్నాడు.

ఒక తల చీల్చి
బియ్యపు గింజంత తెల్లరాయి బయటికి తీశాడు.
"చెవిరాయి. చేప వినేది దీనితోనే.
చెట్టు మానులోలాగా ఏటికో వలయం."
ఇక్కడ చెట్లు లేవు.
"గాలి పేర్చిన మంచులో పొరల్లాగా," అన్నాను.
అవ్వ దాన్ని వేలికొసన పెట్టుకుంది.
"ఇదా! పుట్టినప్పట్నుంచి
నాలుకతో ఏరి ఉమ్మేస్తున్నాం కదే."

అతను అద్దం కింద పెట్టి లెక్కపెట్టాడు. ఇరవై మూడు.
బయటి నుంచి తొమ్మిదోది మరీ సన్నం,
ఆ ఏడు ఎందుకో చేప ఎదగలేదు, అన్నాడు.

అవ్వ వేళ్ళు మడుస్తూ వెనక్కి పోయింది.
ఆ ఏడు జూలై గడిచినా మంచు కదల్లేదు.
వాగు నోరు తెరవలేదు.
సముద్రానికి దిగాల్సిన చేపలు
సరస్సులోనే ఆకలితో తిరిగాయి.
వాటిలాగే ఆకలితో, ఆ మంచునే నమ్మి
స్నోమొబైల్ మీద బయల్దేరాడు అమరువాలిక్.
బండి చప్పుడు చాలాసేపు వినిపించింది.
తర్వాత వినిపించలేదు.

నేను కొంచెం నీళ్ళు నమిలాను.
ఫారంలో అలాంటి ఖానా లేదు.
"మంచు ఆలస్యంగా విడిచిన సంవత్సరం," అన్నాను.
అబద్ధమేమీ కాదు.

అవ్వకు ఇంగ్లీషు రాదు.
కానీ మాట పొడవు తెలుసు.
తన మాట నా నోట్లో పొట్టిదైపోయిందని తెలుసు.
"మొత్తం చెప్పు," అంది.

చెప్పాను.
బండి చప్పుడు దగ్గర ఆగి, మళ్ళీ చెప్పాను.

పావ్లుక్ పట్టకారు కింద పెట్టాడు.
సన్నటి ఆ వలయాన్ని చాలాసేపు చూశాడు,
ఈసారి లెక్కపెట్టకుండా.

తలలు ఉడికాయి.
అవ్వ బుగ్గ మాంసం తీసి అతని పళ్ళెంలో వేసింది.
రాళ్ళను కవర్లలో పెట్టి, పైన అంకెలు వేస్తుంటే
నా మోచేయి పట్టుకుంది.
"వినడం అయ్యాక తెచ్చి నీళ్ళలో వేసెయ్యమను.
చెవులు పోగొట్టుకున్నవి
మళ్ళీ దారెలా పట్టుకుంటాయి?"

ఫారంలో చివరి ఖానా: ఇతర విషయాలు.
నమూనాలు తిరిగి ఇవ్వవలెనని కోరిక,
అని రాశాను.
కొట్టేశాను.
ఆమె అన్నది అన్నట్టు, మా అక్షరాల్లోనే,
ఖానా పట్టక గీత దాటి, అంచు దాకా రాశాను.

"ఇదేమిటి?" అన్నాడు పావ్లుక్.

పక్కన కూర్చోబెట్టి
మొదటి అక్షరం మీద అతని వేలు పెట్టాను.
ఇంకా చేప వాసన వేస్తోంది ఆ వేలు.