మూడు చుక్కల దాకా

ఘోషా ఆసుపత్రిలో పగటి డ్యూటీ దిగి
శుక్రవారం నేను పరుగెత్తి రావడం చూసి
మా ఇంటావిడ పైడమ్మ నవ్వుతుంది.
"ఏటమ్మా, సుక్కరోరం వస్తే సాలు
ఇల్లంటుకున్నట్టు బేగి బేగి వచ్చీస్తావు,
తీరా వచ్చీసి, అన్నీ ఒగ్గీసి కూకుంటావు!"

ఒగ్గేయడం.
మా తెనాలి వైపు లేదీ మాట.
మేం వదిలేస్తాం, మానేస్తాం, ఆపేస్తాం.
తాత నేర్పిన ప్రార్థనలో అర్థంకాని ముక్క ఒకటి
ఈ విజయనగరంలో, అద్దెగది గడప మీద అర్థమైంది.

స్విచ్చుని ఒగ్గేయాలి.
ఫోనుని బియ్యం డబ్బాలో ఒగ్గేయాలి.
కోట గోడ వెనక్కి పొద్దు జారకముందే
రెండు వత్తులు వెలిగించి
చేతుల్ని ఒళ్ళో ఒగ్గేయాలి.

పదిమంది ఉండాలంటారు పెద్దలు.
మేం నలుగురం.
కలకత్తా మజల్ ఆంటీ:
గోనె మిల్లు మూతపడి పదేళ్ళు,
మిల్లు క్వార్టర్స్‌లో ఆవిడ ఇంకా మూతపడలేదు.
బ్యాంకు మేనేజరు బెసలేల్ గారు, కొచ్చి మనిషి,
చేపలో చింతపండు వేసినందుకు
నన్ను ఇప్పటికీ క్షమించలేదు.
బొబ్బిలి మామిడి తోటల్లో
చుక్కనీటి గొట్టాలు పరిచే నదావ్.
"మా దేశంలో శనివారం సముద్రానికి పోయేవాణ్ణి.
ఊరంతా పాటిస్తుంది, నేనొక్కణ్ణీ లేకపోతే ఏం?
ఇక్కడ నేను మానేస్తే మీరు ముగ్గురే."

ఒకే పాట, నాలుగు రాగాలు.
మూడో చరణం దగ్గర ఎవరి దారి వాళ్ళది,
చివరి మాట దగ్గర
సందులో సైకిళ్ళలా గుద్దుకుని ఆగుతాం.
ద్రాక్షసారా దొరకదు.
నానబెట్టిన కిస్‌మిస్ పిండిన నీళ్ళే గిన్నెలో.

మొదటి వారం మజల్ ఆంటీ
నన్ను ఎగాదిగా చూసి అడిగింది:
"నువ్వెలా యూదురాలివి?"
చెప్పడం మొదలెట్టాను:
చెప్పులు కుట్టిన మా ముత్తాత చేతులు,
మట్టిగోడ ప్రార్థన గది,
సున్నం మీద నీలిమందుతో దిద్దిన నక్షత్రం,
కాగితాలేవంటూ వచ్చిన పెద్దమనుషులు,
రాసుకుని పోయి తిరిగి రాని వాళ్ళు...
ఆవిడ కిటికీలోకి చూసింది.
అగ్గిపెట్టె నా చేతిలో పెట్టింది.
"పొద్దు పోతోంది. ముందు వెలిగించు."

వెలిగించాక ఎవరూ ఏదీ రాయకూడదు.
ఏదీ చెరపకూడదు.
నా పేరు చేర్చడానికి లేదు,
కొట్టెయ్యడానికీ లేదు.
ఇరవై అయిదు గంటలు నేను ఉన్నాను, అంతే.

మొన్న శనివారం
కళింగపట్నం దగ్గర అల్పపీడనం.
ఆకాశం తడిసిన గోనెపట్టా.
మూడు చుక్కలు కనబడితేగాని ముగియదు రోజు.
గోడమీద కాగితం ప్రకారం
అయిపోయిందన్నారు బెసలేల్ గారు.
మా తాత లెక్కలో అరచేతి గీతలు మాయమవ్వాలి,
చూసుకున్నాను, ఎప్పుడో మాయమయ్యాయి.
నదావ్‌కైతే మధ్యాహ్నమే అయిపోయినట్టుంది,
ఆవలింతలు లెక్కపెడుతున్నాడు.
"మా నాన్న ఇంకా ఆగేవాడు," అంది మజల్ ఆంటీ
కళ్ళు మూసుకునే.

ఎవరూ లేవలేదు.
ఎవరి శనివారం వాళ్ళకి అయిపోయింది,
ఆవిడ శనివారంలో కూర్చున్నాం.
గంటస్తంభం దగ్గర కొన్న మరువం
కొంగులో వాడుతోంది, లవంగాలు పక్కన.
వాన చూరు మీంచి ఏదో పద్దు చెబుతోంది.
బెసలేల్ గారు చేయి వాచీ వైపు వెళ్ళి
సగంలో సిగ్గుపడి ఆగింది.

పైడమ్మ గుమ్మంలోంచి తొంగిచూసింది.
"ఇంకా అవనేదేటి?"
చుక్కలు రావాలి, మూడు, అన్నాను.
ఆవిడ ఆకాశాన్ని చూసింది, మమ్మల్ని చూసింది.
"ఈ ముసురులో సుక్కలెక్కణ్ణించి వస్తాయమ్మా,
మూడు లాంతర్లకాడికెల్లి సూడండి,
మూడూ ఎలుగుతన్నాయి!"

నేను నవ్వాను.
బెసలేల్ గారికి నా ఇంగ్లీషులో చెబితే నవ్వారు,
ఆయన మజల్ ఆంటీకి హిందీలో చెబితే
ఆవిడ కళ్ళు తెరవకుండా నవ్వింది.
లాంతరు అంటే ఏమిటో, మూడే ఎందుకో,
అది జోకో శాస్త్రమో
నదావ్‌కి విడమరిచి చెప్పేసరికి
బొబ్బిలి ఆఖరి బస్సు వెళ్ళిపోయింది.