చేవ

వంటింటి బల్ల మీద పదకొండు చెక్కముక్కలు,
ఒక్కొక్కటీ నా అరచేతి పొడవు.
వెనక అంటించిన కాగితం మీద పేరు, దేశం, చదరపు మీటరు ధర.
కాల్చిన కాఫీగింజ రంగుది హిడ్డెకి నచ్చింది.
కాంగో నుంచి వచ్చిందట.
మన కుక్క తెల్లది హిడ్డె, అన్నాను.
రాలిన ప్రతి వెంట్రుకా లెక్కకొస్తుంది.

ఇరవై ఆరేళ్లుగా రోటర్‌డామ్‌లో ట్రామ్ నడుపుతున్నాను.
రబ్బరు నేలకు ఆనిన పాదాలు నావి.
అద్దె ఇంట్లో లినోలియం,
అంతకుముందు అమ్మ ఇంట్లోనూ లినోలియమే,
మూలల్లో వేగిన అప్పడంలా లేచేది.
బతుకులో ఒక్కసారి
చేవ ఉన్న చెట్టు మీద నడవాలని నా కోరిక.

దుకాణం కుర్రాడు గోటితో గీసి చూపించాడు.
గీత పడలేదు, గోరు అరిగింది.
"దీని ముందు ఓక్ వెన్నముద్ద, మేడమ్."
పదకొండూ సంచిలో వేశాక
గొంతు తగ్గించి, సొరుగు లాగి,
పన్నెండోది తీశాడు.
"దీనికోసం ఒక్క చెట్టునూ చంపలేదు.
సూరినామ్‌లో ఆనకట్ట కట్టినప్పుడు మునిగిన అడవి.
అరవై ఏళ్లుగా నీళ్లలో నిలబడే ఉంది.
గాలిగొట్టాలు పెట్టుకుని దిగి
అడుగున రంపంతో కోస్తారు.
పాపం అంటని చెక్క."

ఆ ఒక్క మాటకే మీటరుకు నలభై యూరోలు ఎక్కువ.
ఇచ్చాం.
నేల విడిచి సాము అంటారు,
మాది నేల కోసం సాము.
రెండు వేసవుల ప్రయాణాలు అందులో కలిసిపోయాయి.

చెక్క రాగానే పరచకూడదట.
రెండు వారాలు ముందుగదిలో పడుకోబెట్టాలి,
ఇంటి గాలికి, ఇంటి తేమకు అలవాటు పడాలి.
డిపోలో కొత్తగా చేరినవాళ్లలా
ఆ కట్టలు గోడవారన ఒదిగి ఉండేవి.
మేం పక్కకు తిరిగి నడిచేవాళ్లం.
కుక్క రోజూ వాసన చూసేది.
ఎందుకో, ఒక్కసారీ కాలెత్తలేదు.

పదిహేనో రోజు పరిచే మనిషి వచ్చాడు, అమోయిడా.
నెరిసిన గడ్డం, మోకాళ్లకు తోలు పట్టీలు.
కట్ట విప్పి, ఒక పలక తీసి,
ముక్కు దగ్గర పెట్టుకున్నాడు. చాలాసేపు.
చెవి దగ్గర పెట్టుకుని కణుపుతో తట్టాడు.
ఎక్కడిదని అడగలేదు.
దాని పేరు చెప్పాడు,
మా కాగితం మీద లేని పేరు.
నేను అనబోతే నోరు తిరగలేదు.

"మా అమ్మమ్మ ఊరు ఆ నీళ్ల కింద," అన్నాడు
టేపు లాగి గోడ కొలుస్తూనే.
"నీళ్లు మెల్లగా వచ్చాయట.
ముందు చేను, తర్వాత దారి, తర్వాత గడప.
మూడు పొయ్యిరాళ్లూ పడవలో పెట్టుకుంది ముసల్ది.
చెట్లను ఎవరు ఎక్కించుకుంటారు?
నాలుగు మీటర్ల పదకొండు. రాసుకోండి."
హిడ్డె రాసుకున్నాడు.

కాఫీ పెట్టాను. ఏమనాలో తోచక
చక్కెర రెండుసార్లు వేశాను.
మా వీధి సముద్రం కంటే ఆరు మీటర్లు కింద.
కాలువ దగ్గరి పంపు రాత్రంతా మూలుగుతుంది,
అది ఆగితేనే మాకు మెలకువ.
ఆ సంగతి అతనికి చెప్పలేదు.
తెలియకనా,
ముప్పై ఏళ్లుగా ఇక్కడి నేలలన్నీ మోకాళ్లతో తిరిగినవాడు.

"వెనక్కి పంపేయమంటారా?" అన్నాను చివరికి.
తలెత్తి చూశాడు. "ఎక్కడికి?"
మొదటి పలక ఆనించాడు.
సుత్తి పక్కన పెట్టి
అరచేత్తో తట్టాడు.

సాయంత్రానికి ఒక్క పలక మిగిలింది,
పొడుగునా నల్లటి నీటిచార ఉన్నది.
బల్ల కింద దాచెయ్యనా అన్నాడు.
వద్దు, గుమ్మం దగ్గరే వెయ్యమన్నాం,
ఇద్దరం ఒకేసారి.

ఇప్పుడు చివరి ట్రామ్ డిపోలో దింపి వచ్చి
గుమ్మంలోనే జోళ్లు విప్పుతున్నాను.
ఇదేమన్నా చర్చా, అని హిడ్డె నవ్వుతాడు.
దీపం వెయ్యను.
ముందు వేళ్లు, తర్వాత మడమ,
లోతు తెలియని నీళ్లలో దిగేవాళ్లలా
ఒక్కో కాలూ పెట్టి చూస్తాను.