తాలు

మిరపకాయల దగ్గర పనిచేసేవాళ్లకి
ఏడవడానికి వేరే చోటు వెతుక్కునే పని లేదు.
ఏటుకూరు రోడ్డు పక్కన, కోల్డ్ స్టోరేజీ వసారాలో,
అరవైమందిమి గోనెపట్టాల మీద
ముక్కులకు పమిటలు చుట్టుకుని తొడిమలు తీస్తాం.
ఎర్రకాయ ఈ పక్క, తాలు ఆ పక్క.
కళ్లు వాటంతటవే కారతాయి.
ఏంటమ్మా అని ఎవరూ ఎవర్నీ అడగరు.

నాకది మేలే అయింది.
సీజను మొదట్లోనే జక్రయ్య
బస్తాల నెట్టు మీంచి జారాడు.
నడుం కింద కాళ్లు ఇప్పుడు ఆయనవి కావు.
పెద్దాసుపత్రిలో ఫ్యాను గాలి అందని మూల మంచం.
చూద్దాం, అంటాడు డాక్టరు.
చూద్దాం, అంటాడు మేస్త్రీ.
నువ్వు ఆ మాట కూడా అనవు.

రాత్రికి అన్నం కలుపుకోడానికి చేతులు పనికిరావు.
మజ్జిగలో ముంచినా, కొబ్బరినూనె రాసినా
వేళ్ల సందుల్లో మంట తెల్లారేదాకా కాపలా కాస్తుంది.
ఆ చేతులే జోడించి నీ ముందు కూచుంటే
ప్రార్థన రాలేదు. తిట్లొచ్చాయి.
ఆమెన్ అనకుండానే పడుకున్నాను,
ఒక రోజు కాదు, పదకొండు రోజులు.

పన్నెండో రోజు, మూడు గంటల కొళాయి దగ్గర,
బిందె నిండేలోపు ఊరికే అడిగాను:
ఉన్నావా?
బిందె నిండింది. అంతే.
దాన్ని జవాబనుకోడానికి మనసొప్పలేదు,
కాదనుకోడానికీ ఒప్పలేదు.
చంకనెత్తుకుని ఇంటికొచ్చాను.

శనివారం ఉపవాస కూడిక.
చివర్లో సాక్ష్యాలు.
ఎలీసమ్మ కొడుక్కి రైల్వేలో ఉద్యోగం.
దేవసహాయం గారి తాకట్టు పొలం విడిపోయింది.
రాహేలు కడుపులో గడ్డ కరిగిందట,
స్కానింగు కాగితం ఎత్తి అందరికీ చూపించింది.
నేను వెనక స్తంభం పక్కన కూచుని
మండే చేతులతో చప్పట్లు కొట్టాను.
కుళ్లుకున్నాను కూడా. నీ దగ్గర అబద్ధమెందుకు.

ఇంకెవరైనా? అన్నారు అయ్యగారు, అలవాటు కొద్దీ.
ఎలా లేచానో తెలీదు.
"అయ్యగారూ, నాకింకా ఏమీ జరగలేదు.
ఆయన లేవలేదు. అప్పు తీరలేదు.
నేను మాత్రం వచ్చాను."
అని కూచున్నాను.

చప్పట్లు లేవు.
తబలా కుర్రాడు తల దించుకున్నాడు.
ముందు వరసలోంచి సువార్తమ్మవ్వ,
ఇద్దరు కొడుకుల్ని మన్నులో పెట్టిన మనిషి,
కర్ర తాటించుకుంటూ నడిచొచ్చి
నా చెయ్యి పట్టుకుంది.
కారం అంటుతుందవ్వా, అన్నాను.
అంటనీ, అంది.
కూడిక అయిపోయేదాకా వదల్లేదు.
ఇంటికెళ్లాక ఆ చేత్తో కళ్లు తుడుచుకుందో ఏమో,
మర్నాడు గుడిలో ఆమె కళ్లు ఎర్రగా ఉన్నాయి.

సోమవారం మళ్లీ గోనెపట్టా.
ఎర్రకాయ ఈ పక్క, తాలు ఆ పక్క.
తెలియనివాళ్లు అనుకుంటారు గానీ
తాలుకాయని మేం పారబొయ్యం.
రంగు పోయినా, గింజ ఎండినా
దాని బస్తా దానికుంది, దాని ధర దానికుంది,
వెతుక్కుంటూ వచ్చి కొనేవాడున్నాడు.
నా నమ్మకం ఆ రకం కాయ, ప్రభువా.
ఎర్రటిది దొరికినప్పుడు తెస్తాను.
ప్రస్తుతానికి ఇదే తూకమెయ్యి.

ఈ కారే నీళ్లలో మిరపకాయవెన్నో, జక్రయ్యవెన్నో
ఏరడం నాకు చేతకాదు.
నా బతుకంతా ఏరడమే గదా,
ఇదొక్కటి నువ్వు ఏరుకో.

ఏడింటికి ఆసుపత్రి గేటు మూసేస్తారు.
క్యారేజీ కడుతున్నాను.
ఎడమకాలి బొటనవేలు కదిలిందని నిన్న ఆయనన్నాడు.
దుప్పటి తీసి చూశాను.
నేను చూసినంతసేపూ కదల్లేదు.
ఇవాళా చూస్తాను.